గొట్టం తప్పు కాదు

జర్మనీలోని ఆకెన్‌లో తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక నెలకోసారి ఒక జర్మన్ చర్చి హాల్లో జరుగుతుంది. కూడిక అయ్యాక అందరూ బిర్యానీ పళ్ళేలతో నిలబడి కబుర్లాడుతుంటే, చప్పుడు చెయ్యకుండా వెనక వంటింట్లోకి పోయి గిన్నెలు తోమే మనిషి ఒకడుండేవాడు. పేరు జ్ఞానానందం. కైకలూరు దగ్గర పుట్టి, ఇంజనీరింగ్ పైచదువుకి ఇక్కడికి వచ్చి, చదువవగానే ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. పంపులు తయారుచేసే కంపెనీలో కొలతల ల్యాబు అతనిది. సిలిండర్ లోపలి వ్యాసం ఉండాల్సినంత ఉందా, వెంట్రుకలో పదోవంతు తేడా వచ్చిందా అని చూడటమే పగలంతా పని. మనిషి కూడా ఆ పనికి తగ్గట్టే ఉండేవాడు. ఒక మాట అనే ముందు అటూ ఇటూ తిప్పి చూసుకుని గానీ పైకి అనేవాడు కాదు.

భార్య మిరియం వృద్ధాశ్రమంలో నర్సు. కూతురు కెరోలిన్ డార్మ్‌స్టాట్‌లో చదువుకుంటోంది. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పే పిల్ల.

ఇంత నెమ్మది మనిషి నలభై దాటాక వేటగాడయ్యాడంటే చర్చిలో ఎవరూ నమ్మలేదు.

"అదేంటి బ్రదర్, మీరు తుపాకీ పట్టుకుని పిట్టల్ని కొడతారా?" అని సాఫ్ట్‌వేర్ పనిచేసే కృపాల్ నవ్వాడు.

"కొల్లేటి ఒడ్డున పుట్టినవాణ్ణి కదండీ. చిన్నప్పుడు పరజ పిట్టల కూర తినే పెరిగాం," అని ఊరుకున్నాడు జ్ఞానానందం.

అసలు సంగతి అది కాదు. ల్యాబులో అతని పక్క బల్ల దగ్గర కూర్చునే లుడ్గర్ అనే జర్మన్ ఒకసారి, "ఆదివారం పొలాల్లో ఫెజెంట్ వేట ఉంది, పొదలు కొట్టి పక్షుల్ని లేపడానికి మనుషులు తక్కువయ్యారు, వస్తావా" అని పిలిచాడు. వెళ్ళాడు. బీట్‌రూట్ చేలల్లో మోకాళ్ళ దాకా తడిసి, కర్రతో పొదలు కొడుతూ సాయంత్రం దాకా నడిచాడు. ఆ రోజు అతన్ని ఎవరూ ఏ ఊరని అడగలేదు. ఆఫీసులో అతను ఎప్పటికీ ఇండియా నుంచి వచ్చిన నందానే. పేరు మొత్తం పలకడానికి వాళ్ళకి నోరు తిరగదు. పొలం గట్టున వరసలో నిలబడినప్పుడు మాత్రం అతను ఎడమవైపు నుంచి మూడోవాడు, అంతే. అందరికీ పోసిన సూప్ అతనికీ పోశారు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ మిరియంతో, "నేను ఆ పరీక్ష రాస్తానే," అన్నాడు.

జర్మనీలో వేట లైసెన్సుకి పరీక్ష పాసవ్వాలి. పుట్టి పెరిగినవాళ్ళే తప్పుతుంటారు. జ్ఞానానందం ఏడాది పొడుగునా శనివారాలన్నీ దానికే ధారపోసి పాసయ్యాడు. తర్వాత తుపాకీ కొనడానికి లుడ్గర్‌ని వెంటబెట్టుకుని డ్యూరెన్‌లో ఒక దుకాణానికి వెళ్ళాడు. ఫ్రావ్ ఎస్సర్ అనే పెద్దావిడ నడిపే దుకాణం అది.

"పొట్టి గొట్టం తీసుకో నందా," అన్నాడు లుడ్గర్. "నువ్వూ పొట్టివాడివే. డెబ్భై ఒక్క సెంటీమీటర్లది చాలు. చప్పున తిరుగుతుంది."

ఫ్రావ్ ఎస్సర్ అతని వంక చూసి అడిగింది. "ఎక్కడ వేటాడతారు మీరు?"

"బయలు పొలాల్లో. చెరువు గట్ల మీద. పావురాలు, బాతులు."

"అయితే తొందరపడకండి. పొట్టి గొట్టం చప్పున తిరుగుతుంది, నిజమే. చప్పున ఆగిపోతుంది కూడా. పొడుగుది ముందుకి బరువు లాగుతుంది. ఒకసారి ఊపందుకుందంటే పక్షి వెంట సాఫీగా సాగిపోతుంది. అడవిలో చెట్ల మధ్య అయితే పొట్టిదే ఇచ్చేదాన్ని."

డెబ్భయ్యారు సెంటీమీటర్ల గొట్టాలున్న తుపాకీ తీసి చేతికిచ్చింది. జ్ఞానానందం ఎడమ అరచేతిలో ముందు భాగం ఆనించి, గోడ మీద మూల నుంచి మూలకి ఎగిరే పక్షిని ఊహించుకుని తిప్పాడు. బరువు అతని చేతిలో కుదురుగా కూర్చుంది. తర్వాత చోక్ సంగతి వచ్చింది. చోక్ అంటే గొట్టం మూతిలో మరతో బిగించి, అక్కడ లోపలి వ్యాసాన్ని కాస్త ఇరుకు చేసే చిన్న ముక్క. ఇరుకు పెంచినకొద్దీ గుళ్ళు చెదరకుండా గుంపుగా దూరం దాకా పోతాయి. వదులు చేస్తే దగ్గర్లోనే విచ్చుకుంటాయి. ఫుల్ చోక్ వేసుకుంటే ఎంత ఎత్తు పావురమైనా అందుతుందని లుడ్గర్ అన్నాడు.

"చెరువుల దగ్గర సీసం కాల్చకూడదు కదా, ఉక్కు గుళ్ళే వాడాలి," అంది ఆవిడ. "ఉక్కు నలగదు. ఫుల్ చోక్‌లో ఇరుక్కుంటే గొట్టం మూతి ఉబ్బుతుంది. సగం చోక్ దాటకండి."

జ్ఞానానందం జేబులోంచి తన కొలత పరికరం తీసి గొట్టం మూతిలో పెట్టి చూశాడు. ఫ్రావ్ ఎస్సర్ పకపకా నవ్వింది. "ఇన్నేళ్ళలో నా మాట మీద నమ్మకం లేక కొలుచుకున్న కొనుగోలుదారు మీరొక్కరే."

"నమ్మకం లేక కాదండీ, అలవాటు," అన్నాడు అతను సిగ్గుపడుతూ.

ఆ తుపాకీతో కొన్నాళ్ళు అతని రోజులు బాగా గడిచాయి. లుడ్గర్ వాళ్ళ వేట పొలం యూలిష్ వైపు ఉంది. మొదటి చలికాలమే అతని గురి గురించి అక్కడి రైతులు చెప్పుకున్నారు. పావురం అతని నెత్తి మీదుగా గాలికి ఏటవాలుగా పోతుంటే, తొందర లేకుండా గొట్టంతో వెనకనుంచి దాన్ని అందుకుని, దాటి, అప్పుడు నొక్కేవాడు. పక్షి గాల్లోనే చచ్చి రాయిలా పడేది. దెబ్బ తిని విలవిల్లాడే పక్షిని అతను చూడలేడు. కొడితే ఒక్క దెబ్బకి పోవాలి, లేకపోతే కొట్టకూడదు. అదే అతని నియమం. మిరియం పావురాల్ని అల్లం, మిరియాలు దట్టించి వేపుడు చేసి కూడికకి పట్టుకెళ్ళేది. గిన్నె ఖాళీ అయ్యాక కృపాల్ కూడా నవ్వడం మానేశాడు.

గురి తప్పడం మొదలైంది ఒక సెప్టెంబరులో. ఒక సాయంత్రం చెరువు గట్టున బాతులు వరసగా దిగుతుంటే ఒక్కటీ పడలేదు. అది మామూలే, అందరికీ అలాంటి రోజులుంటాయి. తర్వాత వారమూ అంతే. నొక్కే క్షణంలో తుపాకీ ముందు భాగం కిందికి దిగుతున్నట్టు అనిపించింది. ముందెన్నడూ తెలియని బరువు.

"గొట్టం పొడుగైపోయింది," అన్నాడు లుడ్గర్‌తో.

"నేను అప్పుడే చెప్పాను కదా. యాభై దాటుతున్నాం నందా. బరువు తగ్గించుకో."

డ్యూరెన్ వెళ్ళి దాన్ని ఇచ్చేసి, డెబ్భై ఒక్క సెంటీమీటర్ల తేలిక తుపాకీ తెచ్చుకున్నాడు. చేతికి హాయిగా ఉంది. భుజానికి చప్పున వచ్చేది. కానీ ఫ్రావ్ ఎస్సర్ మొదట్లో చెప్పినట్టే పక్షి వెంట పోతూ పోతూ మధ్యలో ఆగిపోయేది. గుళ్ళన్నీ పక్షి తోక వెనక ఖాళీ గాల్లోకి పోయేవి. సరే, గురి కాస్త తప్పినా అందేలా గుళ్ళు వెడల్పుగా విచ్చుకోవాలి, చోక్ వదులు చేద్దాం అనుకున్నాడు. సగం చోక్ విప్పేసి పావు చోక్ బిగించుకున్నాడు. అది బిగించడానికి ఇచ్చిన చిన్న తాళంచెవిలాంటిది రెండుమూడు సార్లు వేళ్ళలోంచి జారిపోయింది. నూనె అంటుకుందనుకుని గుడ్డతో తుడుచుకున్నాడు.

ఆ పావు చోక్‌తోనే అతను చెయ్యకూడని పని చేశాడు. చలికాలం చివర, చీకటి పడబోతూండగా, ఒక మగ బాతు చెరువుకి అవతలి వైపుగా పోతోంది. దూరం ఎక్కువ. వదులు చోక్‌కి అది అందే దూరం కాదని అతనికి తెలుసు. ఆ ఏడాది తప్పినవన్నీ కళ్ళ ముందు మెదిలి, ఒక్కటైనా పడాలని నొక్కేశాడు. బాతు ఒక్కసారి ఒరిగింది. పడలేదు. ఒక రెక్క వేలాడేసుకుని ఏటవాలుగా రెల్లులోకి దిగిపోయింది.

లుడ్గర్ కుక్క ఆస్తా చాలాసేపు నీళ్ళలో ఈదుతూ వెతికింది. చీకటైపోయింది. లుడ్గర్ తడిసిన కుక్కని గుడ్డతో తుడుస్తూ, పొద్దున వద్దాం అన్నాడు. అదే అతనికి తిట్టు కన్నా ఎక్కువైంది.

తెల్లారగానే ఇద్దరూ మళ్ళీ వెళ్ళారు. ఆస్తా ఈసారి రెల్లు లోపలి నుంచి ఆ బాతుని నోట కరుచుకుని తెచ్చింది. అది ఇంకా బతికే ఉంది. రాత్రంతా మంచులో అలాగే పడి ఉంది. కుక్క దాన్ని జ్ఞానానందం కాళ్ళ దగ్గర పెట్టింది. దాన్ని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని బాధ లేకుండా ముగించడం అతని బాధ్యత. పట్టుకున్నాడు. వేళ్ళు బిగుసుకోలేదు. బాతు కొట్టుకుని చేతిలోంచి జారి గడ్డిలో పొర్లింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది.

"ఇలా ఇవ్వు నందా," అని లుడ్గర్ దాన్ని తీసుకుని ఒక్క క్షణంలో ముగించాడు. తర్వాత తల తిప్పుకుని చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికి వచ్చాక జ్ఞానానందం అన్నం తినలేదు. ల్యాబులో ఏదైనా కొలత తేడా వస్తుంటే ఒక్కొక్కటే మార్చి చూస్తారు, తప్పు ఎక్కడుందో అలాగే తేలుతుంది. తను గొట్టం మార్చాడు, చోక్ మార్చాడు, తూటాల రకం కూడా మార్చాడు. వరసలో మార్చనిది ఇంకేం మిగిలిందని ఆలోచించడానికే భయం వేసింది.

శనివారం తుపాకీల సాధన మైదానానికి ఒక్కడే వెళ్ళాడు. పెద్ద కాగితం పలక ముందు, తుపాకీని ఇసుక సంచి మీద ఆనించి కాల్చాడు. గుళ్ళు కాగితం మధ్యలో గుండ్రంగా, సమానంగా పరుచుకున్నాయి. ఎక్కడా ఖాళీ లేదు. కొత్త కాగితం పెట్టి, ఈసారి చేతుల్లో పట్టుకుని కాల్చాడు. గుళ్ళన్నీ ఎడమవైపుకి, కిందికి దిగిపోయాయి. మళ్ళీ కాల్చాడు. మళ్ళీ అక్కడికే.

తుపాకీ బెంచీ మీద పెట్టి ఎడమ చెయ్యి వెలుగులోకి తిప్పి చూసుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు. అక్కడ చిన్న గుంట పడింది. మోచేతి కింద చర్మం లోపల ఏదో అదురుతోంది, ఆగుతోంది, మళ్ళీ అదురుతోంది.

మిరియంకి ఏమీ చెప్పలేదు. ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే ఆవిడే పట్టుకుంది.

"ఏంటండీ, చొక్కా గుండీలకి ఇంతసేపా?" అంటూ దగ్గరకి వచ్చి, తనే గుండీలు పెడుతూ అతని చెయ్యి చేతిలోకి తీసుకుంది. బొటనవేలి పక్కన గుంట మీద ఆవిడ వేలు ఆగింది. ఆవిడ ముఖంలోకి అతను చూశాడు. వృద్ధాశ్రమంలో ఎన్ని జబ్బుల్ని దగ్గరగా చూసిందో ఆ ముఖం.

"ఎప్పట్నుంచండీ ఇది?"

"తెలీదే. తుపాకీ బరువనుకున్నాను."

ఆవిడ గుండీలన్నీ పెట్టి, కాలరు సర్ది, పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఇంటి డాక్టరు మెడలో నరం నొక్కుకుని ఉంటుందేమోనని వ్యాయామాలు రాశాడు. నరాల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కోసం వేసవి దాకా ఆగాల్సి వచ్చింది. ఆలోగా కాఫీ కప్పు కుడిచేతిలో కూడా వణకడం మొదలుపెట్టింది. చివరికి పెద్ద ఆసుపత్రిలో కండల్లోకి సూదులు గుచ్చి పరీక్ష చేశారు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, కండరాలని కదిపే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయని, దాన్ని ఆపే మందు లేదని, కాస్త నెమ్మదింపజేసే మాత్రలు మాత్రం ఉన్నాయని చెప్పింది. జబ్బు పేరు ఆవిడ నోట్లోంచి వచ్చేలోపే మిరియం కళ్ళు మూసుకుంది. ఇదే జబ్బున్న ఒక మనిషికి వృద్ధాశ్రమంలో మిరియం చివరిదాకా చెంచాతో తాగించింది.

"మెదడుకి ఏమవుతుంది?" అని అడిగాడు జ్ఞానానందం.

"చాలామందికి ఏమీ కాదు. అంతా తెలుస్తూనే ఉంటుంది."

అది మంచిమాటో చెడ్డమాటో అతనికి అర్థం కాలేదు. బస్సులో ఇంటికి వస్తూ ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూశారు.

డార్మ్‌స్టాట్ నుంచి కెరోలిన్ వచ్చింది. వారం రోజులు ఇంటర్నెట్‌లో ఏవేవో చదివి, ఏ దేశంలో ఏ మందు ప్రయత్నిస్తున్నారో తండ్రికి జర్మన్‌లో చెబుతూనే ఉంది. అతను అన్నీ విన్నాడు. చివరికి, "తెలుగులో చెప్పమ్మా ఒకసారి," అన్నాడు. పిల్లకి తెలుగులో ఆ మాటలేవీ రాలేదు. తండ్రి భుజం మీద ముఖం పెట్టి ఏడ్చింది. చెయ్యెత్తి తల నిమరబోయాడు. చెయ్యి సగం దాకా లేచి ఒళ్ళో పడిపోయింది.

ఇంట్లో తుపాకీ ఉన్న ఇనప బీరువా మూల గదిలో ఉంది. తెరిచే అంకెలు అతనికొక్కడికే తెలుసు. లైసెన్సు లేనివాళ్ళకి చెప్పకూడదని చట్టం. ఇన్నాళ్ళూ మిరియం అటు చూసేది కూడా కాదు. ఇప్పుడు డ్యూటీకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆ గదిలోకి తొంగి చూస్తోంది. అతను గమనించాడు. ఒక మధ్యాహ్నం ఆవిడ చెప్పులు తొడుక్కుని, మళ్ళీ విప్పేసి, వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ. అది ఇంట్లో వద్దండీ."

"ఇప్పుడు దాన్ని ఎత్తడానికే నాకు శక్తి లేదు మిరియం."

"ఇవాళ లేదు సరే. మొన్న ఉంది కదా? మొన్నంతా మీ మనసులో ఏముందో నాకు చెప్పండి."

అలాంటిదేమీ లేదని అందామని నోరు తెరిచాడు. పాతికేళ్ళ కాపురంలో ఆవిడతో అబద్ధమాడలేదు. తల దించుకున్నాడు. మిరియం అతని ఒళ్ళో తలపెట్టి, "నన్నొదిలేసి పోదామనుకున్నారా," అని నెమ్మదిగా అడిగింది. అతను ఏడ్చాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లేవకపోతే ఆవిడే తన చీరచెంగుతో తుడిచింది.

ఆ సాయంత్రమే లుడ్గర్‌ని పిలిచి తుపాకీ అప్పగించాడు. లైసెన్సు కూడా సర్కారు ఆఫీసుకి వెనక్కి పంపేశాడు. లుడ్గర్ తుపాకీని సంచీలో పెట్టుకుంటూ, "నీకు బాగయ్యేదాకా నా దగ్గర ఉంటుంది," అన్నాడు. అన్నాక తనే సిగ్గుపడి మెట్లు దిగిపోయాడు.

ఏడాది తిరగకుండానే చక్రాల కుర్చీ వచ్చింది. మెత్తగా నలిపిన అన్నం వచ్చింది. తర్వాత మాట ముద్దగా మారింది. ముందు ఫోన్లో అర్థం కాకుండా పోయింది, తర్వాత కూతురికి, చివరికి మిరియం ఒక్కతే మిగిలింది అతని మాట తెలిసే మనిషి. కూడిక వాళ్ళు ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. స్వస్థత కోసం కృపాల్ బిగ్గరగా ప్రార్థిస్తుంటే జ్ఞానానందం కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. ఆమేన్ అనలేదు.

పావురాల వేట మొదలైన రోజుల్లో లుడ్గర్ చూడ్డానికి వచ్చాడు. ఏం మాట్లాడాలో తోచక తుపాకీ సంగతి ఎత్తాడు.

"నీ తుపాకీతో నాకు కుదరడం లేదు నందా. ఎత్తు పావురాలన్నీ తప్పిపోతున్నాయి. ఫుల్ చోక్ వేసి చూద్దామా?"

జ్ఞానానందం ముఖంలోకి ఎన్నాళ్ళకో కాస్త కదలిక వచ్చింది. ఏదో అన్నాడు. మిరియం వంగి చెవి పెట్టి విని, ఆ మాటల అర్థం తనకి తెలియకుండానే జర్మన్‌లో చెప్పింది. "ఉక్కుతో ఫుల్ వద్దంటున్నారు. సగం చాలంట."

"సరే, సగమే," అన్నాడు లుడ్గర్.

జ్ఞానానందం ఇంకా ఏదో చెబుతున్నాడు. ఈసారి పొడుగు మాట. మిరియం మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. "పక్షి అంటున్నారా? కాదా? గాలా?" ఆవిడ ఒక్కొక్క మాటా అడుగుతుంటే అతను కళ్ళతో కాదంటున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఇంకోసారి ప్రయత్నించాడు. గొంతులోంచి చప్పుడు తప్ప మాట రాలేదు.

"అర్థమైంది నందా, అర్థమైంది," అన్నాడు లుడ్గర్, ఏమీ అర్థం కాకపోయినా. జ్ఞానానందం అతని వంక ఒక్క క్షణం చూసి కళ్ళు మూసుకున్నాడు. లుడ్గర్ వెళ్ళిపోయాక, "ఏం చెప్పబోయారండీ?" అని మిరియం ఎంత బతిమాలినా మళ్ళీ ఆ మాట జోలికి పోలేదు. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా మాట్లాడే ప్రయత్నమే చెయ్యలేదు.

ఫిబ్రవరిలో ఊపిరి అందక పోయాడు. మిరియం పక్కనే ఉంది. కెరోలిన్ రైల్లో ఉంది.

సమాధి దగ్గర తెలుగువాళ్ళంతా ముందు నిలబడ్డారు. లుడ్గర్, వేట పొలం వాళ్ళు నలుగురూ ఆకుపచ్చ కోట్లు వేసుకుని వెనక వరసలో నిలబడ్డారు. తమలో ఒకడు పోతే కొమ్ముబూర ఊది సాగనంపడం వాళ్ళ ఆచారం. లుడ్గర్ ముందుకి వచ్చి, ఊదమంటారా అని మిరియంని మెల్లగా అడిగాడు. ఆవిడ అతని వంక చూసింది. ఊదమనడానికీ, వద్దనడానికీ కూడా ఆవిడ దగ్గర ఓపిక లేదు. జవాబు కోసం అతను కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళిపోయాడు. మట్టి పోస్తున్నంతసేపూ వాళ్ళు బూరలు చేత్తో పట్టుకునే ఉన్నారు. తర్వాత ఒక్కొక్కరే టోపీ తీసి, తల వంచి, బూర ఊదకుండానే కార్ల వైపు నడిచారు.